పోలేపల్లి షిఫ్టులకు అందే దూరంలో కిరాయి ఇల్లు: దారి చూపిన అందరికీ కృతజ్ఞతలు

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో (మందుల కంపెనీలున్న ప్రత్యేక ఆర్థిక మండలి) షిఫ్టుల మీద పనిచేసే మా నాలుగు కుటుంబాలకి చుట్టుపక్కల ఊళ్ళల్లో ఇళ్ళు కుదిరాయి. మా జీతాలకు తట్టుకునే కిరాయి, రాత్రి రెండో షిఫ్టు దిగి వచ్చినా భయం లేని దారి. ఇందుకు సాయం చేసినవాళ్ళు పదిహేను మందికి పైనే ఉన్నారు. పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు. వాళ్ళు చెప్పిన మాటలు మాత్రం రాస్తున్నాం. ఇదే వెతుకులాటలో ఉన్నవాళ్ళకి ఒక్క ముక్క పనికొచ్చినా ఆ పుణ్యం వాళ్ళదే.

మొదటి దండం కిరాణం నడిపే అక్కకి, పాలు పోసే పెద్దాయనకి, నీళ్ళ క్యాన్లు వేసే ఆటో తమ్ముడికి. ఊళ్ళో టూలెట్ బోర్డు కనిపించదు. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు వెళ్ళిపోయారో రోజూ గడప గడపకీ తిరిగేవాళ్ళకే తెలుస్తుంది. అక్క మొదటిరోజే మా ప్రశ్నని సరిదిద్దింది. "కిరాయికి ఇల్లుందా అని అడిగితే లేదనే అంటరు. తాళం పడ్డ ఇల్లేదన్నా ఉందా, తాళంచెవి ఎవరి దగ్గరుంది అని అడుగుండ్రి" అంది. పాలమూరు (మహబూబ్‌నగర్) ఊళ్ళ సంగతి తెలిసిన మాట అది. ముంబైకో పుణెకో పనికి పోయిన కుటుంబాల ఇళ్ళు ఏడాదిలో ఎక్కువ నెలలు మూసే ఉంటాయి. వాళ్ళకి కిరాయి డబ్బుల కంటే ఇంట్లో దీపం వెలగడం, చెదలు పట్టకుండా ఉండటం ముఖ్యం. అందుకే కిరాయి తక్కువకే ఒప్పుకుంటారు.

అలాంటి ఇంటికి కొన్ని షరతులుంటాయి. ముందే మాట్లాడుకోకపోతే తర్వాత మనసులు విరుగుతాయి. దసరాకో, కురుమూర్తి జాతరకో, ఉగాదికో ఇంటివాళ్ళు వస్తారు, వారం పది రోజులు ఉంటారు. ఒక అర్ర వాళ్ళ సామానుతో తాళం వేసి ఉంచడమా, వాళ్ళు వచ్చినప్పుడు మనం సర్దుకోవడమా అన్నది తేల్చుకోవాలి. రెండోది అన్నదమ్ముల పంపకం. తాళంచెవి ఇచ్చింది తమ్ముడైతే, మూడు నెలలకి అన్న వచ్చి "నన్నెవరు అడిగిండ్రు" అంటాడు. ఇల్లు పంచుకోలేదని తెలిస్తే ఇద్దరితోనూ ఫోన్లో మాట్లాడి, ఇద్దరి దగ్గరా వాట్సాప్‌లో ఒక వాక్యం ఒప్పుకోలు తీసుకోవాలని పంచాయతీ కార్యదర్శి సార్ చెప్పారు. మూడోది కరెంటు. ఏళ్ళ తరబడి బిల్లు కట్టని ఇంటికి మీటరు తీసుకుపోయి ఉంటారు, లేదా బకాయి పేరుకుని ఉంటుంది. పాత బిల్లు మీదున్న యూఎస్‌సీ నంబరుతో (కరెంటు కనెక్షన్ నంబరు) బకాయి ఎంతో చూసుకుని, అది ఎవరు కడతారో తేలాకే అడ్వాన్స్ ఇవ్వాలి.

దూరం లెక్క నేర్పింది కంపెనీ బస్సు నడిపే అన్న. బైకు లీటరుకి 50 కిలోమీటర్లు ఇస్తుంది, పెట్రోలు లీటరు 107 రూపాయలు, నెలకి 26 డ్యూటీలు అనుకోండి. ఇల్లు 10 కిలోమీటర్లు దూరం జరిగితే రానూపోనూ నెలకి 520 కిలోమీటర్లు పెరుగుతాయి. పెట్రోలుకే 1,100 పైచిలుకు, ఆయిలు, టైర్లు, చైను వేరే. అంటే పది కిలోమీటర్లు లోపలికి పోతే కిరాయి కనీసం 1,500 తగ్గాలి. లేకపోతే మిగిలేది ఒంటి నొప్పులే. బస్సు ఎక్కేవాళ్ళకి కొలత వేరు. ఇంటి నుంచి కంపెనీకి ఎంత అని కాదు, ఇంటి నుంచి పికప్ పాయింటుకి ఎంత అని చూడాలి. రూటు కాగితం మీద ఉన్న స్టాపులన్నీ అన్ని షిఫ్టులకీ ఉండవు. ఉదయం 6 గంటల షిఫ్టుకి ఆగే చోట రాత్రి 10 గంటలకి వదిలిన బస్సు ఆగుతుందో లేదో డ్రైవర్‌నే అడగాలి.

ఇంకో మాట కూడా ఆ అన్నే చెప్పాడు. దీన్ని అందరూ పట్టించుకోవాలని మా గట్టి కోరిక. 44వ నంబరు జాతీయ రహదారికి మధ్యలో డివైడరుంది. ఊరు ఒక పక్క, కంపెనీ దారి ఇంకో పక్క అయితే యూటర్న్ దాకా పోయి తిరిగి రావాలి. ఫోన్లో మ్యాప్ చూపించే 6 కిలోమీటర్లు పోయేటప్పుడు 6, వచ్చేటప్పుడు 9 కావచ్చు. ఆ మూడు కిలోమీటర్లు మిగుల్చుకుందామని రాంగ్ రూట్లో వచ్చి లారీల కింద పడుతున్నది డ్యూటీ దిగి అలిసిపోయిన మనలాంటివాళ్ళే. అందుకే ఇల్లు చూసేటప్పుడే సరైన దారిలో రెండు వైపులా బండి మీటరు కొలుచుకోండి. అది ఎక్కువనిపిస్తే ఆ ఇల్లు వద్దు.

దారిని షిఫ్టు వేళకే చూడాలి, ఆదివారం మధ్యాహ్నం కాదు. కోతలప్పుడు, అంటే నవంబరు, డిసెంబరులో, మళ్ళీ ఏప్రిల్, మేలో ఊరి రోడ్లన్నీ వడ్లతో నిండుతాయి. రాత్రి కుప్పల మీద నల్ల పట్టాలు కప్పి చుట్టూ రాళ్ళు పెడతారు. బైకు లైటుకి అవి దగ్గరికి వచ్చేదాకా కనిపించవు. వానాకాలంలో దుందుభి వాగు అవతలి ఊళ్ళకి వంతెన ఉందా, లోలెవల్ కాజ్‌వేనా (వాగు పొంగితే మునిగిపోయే దారి) అని చూడాలి. కాజ్‌వే అయితే గట్టి వాన పడ్డ రోజున డ్యూటీ మానుకోవాల్సిందే.

ఆడవాళ్ళు జనరల్ షిఫ్టులో ఉన్న ఇంటికైతే బస్సు స్టేజీ దగ్గరి ఊరే మేలు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ అంతటా ఆడవాళ్ళకి టికెట్ డబ్బులు లేవు. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటే ప్రయాణం ఖర్చు సున్నా. అయితే ఎక్స్‌ప్రెస్‌లు ప్రతి స్టేజీలో ఆగవు, చీకటి పడ్డాక పల్లెవెలుగులు పలచబడతాయి. ఆఖరి బస్సు ఎప్పుడని డిపోలో కాదు, స్టేజీ దగ్గర టీ కొట్టులో అడగండి. ఎప్పుడు వస్తుందో, ఏ రోజుల్లో రాదో టీ కొట్టు ఆయనకే తెలుసు. జడ్చర్ల, రాజాపూర్, బాలానగర్ స్టేషన్ల మీదుగా మహబూబ్‌నగర్ రైళ్ళున్నాయి, సీజన్ టికెట్ చాలా చవక. కానీ షిఫ్టుకి కుదిరే బండి దొరకడం అరుదు.

నల్లా నీళ్ళు వదిలే అన్నకి రెండు చేతులా దండం. మిషన్ భగీరథ నీళ్ళు ఎన్ని వస్తాయన్న దానికంటే ఎన్నింటికి వస్తాయన్నది షిఫ్టువాళ్ళకి ముఖ్యమని చెప్పింది ఆయనే. పొద్దున ఆరింటికి గంటసేపు వదిలే ఊళ్ళో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మొదటి షిఫ్టులో ఉంటే ఆ నీళ్ళు పట్టేవాళ్ళే ఉండరు. సంపు ఉన్న ఇల్లు చూసుకోవాలి, లేదా 500 లీటర్ల సింటెక్స్ పెట్టి, నిండగానే నీళ్ళు ఆపే బంతి వాల్వు బిగించుకోవాలి. 200 లీటర్ల డ్రమ్ములు రెండు ముగ్గురికి ఒక్కరోజు వాడకానికి సరిపోతాయి. పైపు పగిలి రెండురోజులు నీళ్ళు ఆగితే చాలవు. బోరున్న ఇల్లయితే "బోరు బాగుందా" అని అడిగి లాభం లేదు. ఏప్రిల్ నెలాఖరులో ఎంతసేపు పోస్తుంది, ఎన్నిసార్లు ఆగి ఆగి వేయాలి అని పక్కింటివాళ్ళని అడగాలి. మన జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తాగడానికీ వంటకీ నల్లా నీళ్ళో, ఆర్‌ఓ క్యానో వాడి, బోరుని మిగతా పనులకి ఉంచుకోవాలి.

రాత్రి షిఫ్టు చేసేవాళ్ళు పగలు పడుకోవాలి. ఇల్లు చూసేటప్పుడు దీన్ని చాలామంది మరిచిపోతారు. రేకుల ఇల్లు కిరాయి తక్కువే కానీ మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం అందులో కన్ను మూత పడదు. నిద్ర లేకుండా మందులు తయారయ్యే రియాక్టర్ దగ్గర నిలబడటం అందరికీ ప్రమాదం. స్లాబ్ ఇల్లయినా మీద ఇంకో అంతస్తు లేకపోతే వేడి దిగుతుంది. మేడ మీద రెండు పూతలు సున్నం వేస్తే బాగా తగ్గుతుంది. దొరికితే పాత బెంగుళూరు పెంకుటిల్లు అన్నిటికంటే చల్లన, వానలకి ముందు పగిలిన పెంకులు మార్పించుకుంటే చాలు. ఇంటి పక్కన పిండి గిర్ని, మైకులున్న గుడి, బడి ఉన్నాయేమో చూడండి. బాలానగర్, షాద్‌నగర్ వైపు కోళ్ళ ఫారాలు ఎక్కువ, షెడ్డు కడిగినన్ని రోజులూ ఈగలు అన్నం తిననివ్వవు. గాలి వాటు ఎటో తెలుసుకోవాలంటే సాయంత్రం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి ఆ ఇంటి ముందు నిలబడాలి.

కరెంటు విషయంలో లైన్‌మన్ అన్న చేసిన మేలు చిన్నది కాదు. ఓనరుకీ కిరాయిదారుకీ కలిపి ఒకటే మీటరుంటే రెండు ఇళ్ళ వాడకం కలిసి 200 యూనిట్లు దాటుతుంది. దాటిన నెల గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) వర్తించదు, పైగా యూనిట్ రేటు స్లాబు మారుతుంది. 200 యూనిట్లకి ఎనర్జీ చార్జీ 820 రూపాయలైతే 210 యూనిట్లకి 1,097. పది యూనిట్లకి 277 రూపాయల తేడా. కాబట్టి మన పోర్షనుకి వేరే కరెంటు సర్వీసు ఉన్న ఇల్లే చూసుకోవాలి. తెల్ల రేషన్ కార్డున్న కిరాయిదారులకి కూడా గృహజ్యోతి వర్తిస్తుంది. కార్డు పాత ఇంటి మీటరుకి లింకై ఉంటే ఎంపీడీఓ ఆఫీసులోని ప్రజాపాలన సేవా కేంద్రంలో కొత్త యూఎస్‌సీ నంబరుకి మార్పించుకోవాలి.

సబ్ మీటరు తప్పనిసరైతే రెండు పరీక్షలున్నాయి. ఇంట్లో అన్ని స్విచ్చులూ ఆపేసి మీటరు మీద ఎర్ర లైటు చూడండి. అప్పుడూ మిణుకుతుంటే ఇంకెవరిదో లైను, చాలాసార్లు ఓనరు మోటారే, మన మీటరు మీద ఉన్నట్టు. తర్వాత 750 వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటే పెట్టి, దాని బల్బు వెలుగుతున్నంతసేపు ఎర్ర లైటు లెక్కపెట్టండి. మీటరు మీద యూనిట్‌కి 3200 అని ఉంటే నిమిషానికి 40 సార్లు మిణకాలి. వోల్టేజీ తక్కువుంటే 30కి పడిపోవచ్చు. 50 దాటితే మాత్రం మీటరు జోరుగా తిరుగుతున్నట్టే, మార్చమనండి. వోల్టేజీ సంగతి రాత్రి ఏడున్నరకి ఫ్యాను వేసి చూస్తే తెలిసిపోతుంది.

కాగితం రాసిపెట్టిన బాదేపల్లి డాక్యుమెంట్ రైటర్ పెద్దాయన మా దగ్గర స్టాంపు ఖర్చు తప్ప ఏమీ తీసుకోలేదు. ఆయనకి ఋణపడి ఉన్నాం. కిరాయి ఒప్పందం మామూలుగా 11 నెలలకి రాస్తారు. ఊళ్ళో నోటిమాటతోనే సరిపెడతారు గానీ, ఏమీ రాసుకోకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద నెలవారీ కిరాయికి 15 రోజుల నోటీసు చాలు. పిల్లల బడి మధ్యలో ఇల్లు ఖాళీ చేయడం ఎంత కష్టమో అందరికీ తెలిసిందే, అందుకే రెండు వైపులా నెల రోజులని రాయించుకోవాలి. మోటారు కాలితే ఎవరు బాగుచేయిస్తారు, వెళ్ళేటప్పుడు సున్నానికి ఎంత పట్టుకుంటారు, చేరినరోజు మీటరు రీడింగు ఎంత, ఈ మూడూ రాయండి. గొడవలన్నీ వీటి దగ్గరే మొదలవుతాయి. అడ్వాన్స్ రెండు నెలలకి మించి ఇవ్వకండి, అది కూడా ఫోన్‌పేలో పంపితే లెక్క ఉంటుంది.

గ్యాసు కనెక్షన్ మారేదాకా 5 కిలోల ఛోటూ సిలిండరు చాలు, దానికి గుర్తింపు కార్డుంటే సరిపోతుంది, చిరునామా రుజువు అక్కర్లేదు.

ఒక మాట చెప్పకుండా ఉండలేం. కొన్ని గడపల దగ్గర ఇల్లు చూపించకముందే కులం అడిగారు. పెళ్ళికాని పిల్లలనగానే తలుపు వేసినవాళ్ళూ ఉన్నారు. అంగన్‌వాడీ టీచరమ్మ అలాంటి గడపల దాకా మమ్మల్ని పోనివ్వకుండా, ముందు తనే మాట్లాడి, ఒప్పుకున్న ఇంటికే తీసుకెళ్ళింది. "వీళ్ళు నాకు తెలిసినోళ్ళు, ఏమన్నా అయితే నన్నడుగుండ్రి" అని పూచీ పడింది. మా గురించి ఆమెకి తెలిసింది అప్పటికి రెండు రోజులే. అమ్మా, ఆ మాట నిలబెడతాం.

ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు. వెతకడానికి అదే మంచి సమయమని కూడా ఆ టీచరమ్మే చెప్పింది. ఖాళీగా ఉన్న ఇల్లు ఓనరుకి బరువుగా ఉంటుంది, మాట్లాడుకుని, కాగితం రాసుకుని, శ్రావణంలో పాలు పొంగించుకుంటామంటే ఆ నెల కిరాయి అడగకుండా తాళంచెవి ఇచ్చేస్తారు. సున్నాలు, నల్లా పనులు ఆ నెలలో చేయించుకోవచ్చు.

ఇళ్ళిచ్చిన నలుగురు ఓనర్లకీ నమస్కారాలు. జీతం 7న పడుతుంది కాబట్టి కిరాయి ఒకటో తారీఖున కాకుండా 10న ఇస్తామంటే ఒప్పుకున్నారు. పుణెలో ఉన్న పెద్దమ్మ ఫోన్లో అడిగింది ఒక్కటే, వాకిట్లో వేపచెట్టుకి ఎండాకాలం రోజూ రెండు బిందెల నీళ్ళు పోయమని. పోస్తున్నాం పెద్దమ్మా, చిగురు వేసింది.