పేజీకింత అని కాకుండా, చదవగలిగిన ఆకుకింత అని చెల్లించండి: సాంస్కృతిక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. కోటికి పైగా రాతప్రతులను గుర్తించి భద్రపరుస్తామంటూ 2025-26 బడ్జెట్లో జ్ఞానభారతం మిషన్ ప్రకటించారు. అంతకుముందు 3.5 కోట్ల రూపాయలున్న కేటాయింపు 60 కోట్లయింది. తాళపత్రాల పనిలో ఉన్నవాళ్లం చాలాకాలంగా ఎదురుచూసిన డబ్బు ఇది. అది ఎలా ఖర్చు కావాలన్నదే మా విన్నపం.

పేజీ లెక్కన ధర కట్టే టెండరు తాటాకుకు పనికిరాదు. కాగితం మీద సిరా పైనే ఉంటుంది. తాటాకు మీద అక్షరం గంటంతో గీసిన గాడి. ఆ గాడిలో మసి రుద్దితేనే అక్షరం నల్లగా కనిపిస్తుంది. వందేళ్లకో రెండు వందల ఏళ్లకో మసి రాలిపోయినా గాడి మిగిలే ఉంటుంది. మామూలు స్కానింగులో 45 డిగ్రీల కోణంలో రెండు పక్కల నుంచీ సమానంగా వెలుగు వేస్తారు. కాగితానికి అదే సరైన పద్ధతి. తాటాకు మీద మాత్రం ఆ వెలుగు గాడిలో నీడ పడనివ్వదు. ఫలితంగా వచ్చేది ఖాళీ ఆకు బొమ్మ, దానికీ పూర్తి బిల్లు.

అందుకే ప్రతి పక్కకూ రెండో ఫోటో తప్పనిసరి చేయండి. ఒక్క దీపాన్ని ఆకుకు 10–15 డిగ్రీల ఎత్తులో ఏటవాలుగా పెడితే మసిలేని గీతలు నీడలతో తేలతాయి. ఆకు నల్లబడిపోయి, మసి మాత్రం మిగిలి ఉంటే వేరే ఉపాయం కావాలి. 940 నానోమీటర్ల పరారుణ కాంతిలో మసిలోని కార్బన్ నల్లగానే ఉంటుంది, ఆకు మరకలు తేలిపోతాయి. రాచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ శాస్త్రవేత్తలు మధ్వాచార్యుల సర్వమూల గ్రంథాల తాళపత్రాలను పరారుణ కాంతిలోనే చిత్రించారు. ఇందుకు సెన్సర్ ముందుండే, పరారుణ కాంతిని అడ్డుకునే ఫిల్టర్ తీసేసిన కెమెరా, ఆ కాంతినిచ్చే ఎల్ఈడీ దీపాలు చాలు. ఏ ఆకుకు ఏది అవసరమో చూసి చెప్పగలిగే మనిషి మాత్రం అక్కడ ఉండాలి.

ఇక స్పష్టత సంగతి. 45 సెంటీమీటర్ల ఆకును అంగుళానికి 600 పిక్సెళ్ల చొప్పున తీయాలంటే అడ్డంగా దాదాపు 10,600 పిక్సెళ్లు కావాలి. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఉండేవి 6,000. ఒకే ఫోటోలో ఆకు మొత్తం పట్టిస్తే అంగుళానికి 340 కూడా రావు. గంటం గీత 0.2 మిల్లీమీటర్లు అనుకుంటే దాని వెడల్పుకు మూడు పిక్సెళ్లు కూడా దక్కవు. అప్పుడు ఒత్తుకూ మరకకూ తేడా తెలియదు. కాబట్టి ఆకును రెండు భాగాలుగా, కొంత మేర ఒకదాని మీదకొకటి వచ్చేలా తీసి కలపాలి. తొందరలో ఐదారు ఆకులు పక్కపక్కన పేర్చి ఒక్క క్లిక్కుతో ముగించే పద్ధతిని నిషేధించండి.

కెమెరా దగ్గరికి రాకముందే జరిగే నష్టం ఇంకా పెద్దది. వంకర తిరిగిన ఆకును చేత్తో అదిమి చదును చేస్తే పీచు వెంట చీలుతుంది. ముందు తగిన తేమలో ఉంచి మెత్తబడనివ్వాలి. అతుక్కున్న ఆకుల్ని లాగితే ఒక ఆకు పైపొర రెండోదానికి అంటుకొని వస్తుంది, అక్షరాలతో సహా. నిమ్మగడ్డి నూనె పురుగుకు మంచి విరుగుడే, కానీ రాసిన వెంటనే ఫోటో తీస్తే మెరుపు తప్ప ఏమీ రాదు.

వివరాల నమోదులో జరిగే పొరపాట్లు తర్వాత ఎవరూ దిద్దలేరు. ఒక కట్టలో మూడు నాలుగు గ్రంథాలుండవచ్చు. పైనున్న పలక మీది పేరొక్కటే ఎక్కిస్తే మిగతావి లేనట్టే. దారం విప్పే ముందే ఆకుల వరస రాసుకోవాలి, అంచున ఉన్న అంకెలూ ఎక్కించాలి. చివర లేఖకుడు ‘ప్రమాది’ అనో ‘విరోధి’ అనో సంవత్సరం పేరు రాస్తే, ఆ పేరు 60 ఏళ్లకోసారి తిరిగి వస్తుందని మరవకూడదు. దాన్ని క్రీస్తుశకంలోకి మార్చి ఒకే సంవత్సరం వేయడం తప్పుడు చరిత్రను సృష్టించడమే.

కృత్రిమ మేధతో చదివించే ప్రయత్నాలను మేం మనసారా స్వాగతిస్తున్నాం. కానీ పదాల మధ్య ఖాళీ లేని రాతలో, వలపలగిలక (అక్షరం పక్కన రాసే పాత రకారపు గుర్తు) ఉన్నచోట, నేటి అచ్చు తెలుగు నేర్చిన యంత్రం పాత రూపాన్ని కొత్త రూపంగా ‘సరిదిద్దేస్తుంది’. పాఠభేదాలు పోయేది అక్కడే. ఉన్నదున్నట్టు ఎత్తిరాసిన ప్రతిని, సరిచేసిన ప్రతిని విడివిడిగా అడగండి.

నిల్వకు డబ్బు ముందే కేటాయించండి. అంచులు, రంగుల పట్టీ, కొలబద్దతో కలిపి 12,000 × 2,000 పిక్సెళ్ల, ఒక్కో రంగుకు 16 బిట్ల టిఫ్ ఫైలు ఒక్కొక్కటి 144 ఎంబీ. నూరాకుల కట్టకు 200 ఫైళ్లు, అంటే దాదాపు 29 జీబీ. వెయ్యి కట్టలకు 29 టీబీ. రెండో ఫోటోతో ఇది రెట్టింపు, మూడు ప్రతులు ఉంచితే 170 టీబీ దాటుతుంది. ఒక ప్రతి వేరే ఊళ్లో ఉండాలి. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలు మారితే పట్టిచ్చే సంఖ్య) తీసి ఏటా సరిచూడాలి. లేదంటే పాడైన ఫైలునే మూడుచోట్ల భద్రంగా దాచుకుంటాం.

స్కాన్ అయిందని అసలు ఆకును వదిలేయవద్దు. పగలు ఏసీ వేసి సాయంత్రం ఆపేసే గదిలో తేమ రోజూ ఎగుడుదిగుడవుతుంది, ఆకు పెళుసెక్కుతుంది. అలాంటి ఏసీ కన్నా గాలి ఆడే గది, 50–60 శాతం తేమ, దాన్ని రాత్రీపగలూ నమోదు చేసే చిన్న పరికరం మేలు.

ఏ సంస్థతో ఒప్పందం చేసుకునే ముందైనా 20 ఆకులతో పరీక్ష పెట్టించండి. నల్లబడినవి, మసి రాలినవి, పురుగు తొలిచినవి అందులో ఉండాలి. పాత లిపి చదవగలిగిన పండితుడు ఆకును చేతపట్టి చదివినంతా తెర మీదా చదవగలిగితేనే సంతకం చేయించండి.

ఇట్లు,
తాళపత్రాల సంరక్షణ, ప్రతిలేఖన పనుల్లో ఉన్నవాళ్లం