టైర్ల షాపు భాయ్‌కి, షార్జా నుంచి

పాప ఇప్పుడే పడుకుంది. ఊపిరి మామూలుగానే ఆడుతోంది, రెండుసార్లు చెవి పెట్టి విన్నాను. నిద్ర లేక కళ్లు మండుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి. మా పాపని కాపాడిన భాయ్‌కి థ్యాంక్స్ చెప్పుకోవడానికే ఇది అందరికీ రాస్తున్నాను.

2024 ఏప్రిల్ 16 వాన సంగతి మీరంతా వార్తల్లో చూసే ఉంటారు. 1949 నుంచి లెక్కలున్నాయట, ఇంత వాన ఎప్పుడూ లేదట. అల్ ఐన్ వైపు ఖతమ్ అల్ షక్లాలో ఒక్క రోజు కూడా నిండకుండానే 254.8 మిల్లీమీటర్లు పడింది. ఏడాదంతా కలిపినా దుబాయ్‌లో పది సెంటీమీటర్లు కురిస్తే గొప్ప! నేను కోనసీమ లంకల్లో పుట్టినదాన్ని, నీళ్లంటే భయం లేదు. కానీ మా లంకలో వరదొస్తే ఏ రేవులో పడవ ఉందో చిన్నపిల్లలకీ తెలుసు. ఇక్కడ తొమ్మిదో అంతస్తు నుంచి చూస్తే కింద కార్ల కప్పులు తప్ప ఏమీ కనబడలేదు. పడవ కోసం ఎవర్ని అడగను?

అసలు కష్టం వాన ఆగాక మొదలైంది. బేస్‌మెంట్ మునగడంతో కరెంటు పోయింది. ఏసీ లేదు కాబట్టి కిటికీలు తెరిస్తే, కింద నీళ్లు తోడే డీజిల్ పంపుల పొగ, మురుగు కంపు. మా పాపకి ఆయాసం. ఈ ఊరి ఇసుక దుమ్ముకే నెలకోసారి నెబ్యులైజర్ పెడతాం. కరెంటు లేకపోతే అదొక ప్లాస్టిక్ డబ్బా. గురువారం మధ్యాహ్నానికి ఇన్‌హేలర్ కూడా అయిపోయింది. సాయంత్రానికి పిల్ల డొక్కలు ఎగరేస్తోంది. మా ఆయన అబుదాబి సైటులో ఇరుక్కుపోయారు. ఫోన్లు కలవలేదు.

పిల్లని ఎత్తుకుని చీకట్లో మెట్లు దిగాను. చివరి మెట్ల మీద కింద టైర్ల షాపాయన కూర్చుని ఉన్నారు, పెషావర్ మనిషి. అంతవరకూ ఒక్కసారి కూడా పలకరించుకోలేదు. పాపని చూసి, "బాజీ, రుకో" (అక్కా, ఆగు) అని నీళ్లలోకి దిగి లారీ ట్యూబు ఒకటి ఈడ్చుకొచ్చారు. దాని మీద చెక్క పలక వేసి, మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి, నడుము లోతులో తోసుకుంటూ వెళ్లారు. మ్యాన్‌హోల్ మూతలు లేచిపోయాయని ముందు కర్రతో పొడిచి చూసుకునేవారు. పొగ తగలకుండా తన శాలువా తడిపి పాప ముఖానికి అడ్డం కట్టారు.

ఆసుపత్రి కౌంటర్లో కార్డు అడిగారు. అది ఇంట్లోనే ఉండిపోయింది. "అయితే డిపాజిట్ కట్టండి" అన్నారు. నేను నోరు తెరిచేలోపే భాయ్ జేబులోంచి తడిసి ముద్దైన నోట్లు తీసి, ఒక్కొక్కటీ విడదీసి కౌంటర్ మీద పరిచారు. అంతసేపూ ఏడవలేదు నేను. అక్కడ మాత్రం ఆగలేకపోయాను.

పాపకి మాస్కు పెట్టించి బయటికొచ్చేసరికి ఆయన లేరు. నిన్న వెతుక్కుంటూ వెళ్తే షాపులో బురద ఎత్తుతున్నారు. కంప్రెసర్, మిషన్లు అన్నీ పాడైపోయాయి. ఆ రోజు ఆ మాట ఒక్కటీ అనలేదు! డబ్బిస్తే 340 దిర్హాములు లెక్కపెట్టి తీసుకుని మిగతాది తిరిగిచ్చేశారు. పేరు రాయొద్దన్నారు.

ఒక్కటి మాత్రం అడగాలి. సముద్రం పక్కన, కాస్త తవ్వితే నీళ్లొచ్చే నేల ఇది. నీళ్లు ఇంకవు. అలాంటి చోట కరెంటు గదిని బేస్‌మెంట్లో ఎవరు పెట్టమన్నారు? మబ్బుల్లో మందు చల్లారని అందరూ అంటున్నారు, వాతావరణ కేంద్రం లేదంది. ఏదైనా కానీ, పడిన నీరు పోవడానికి దారుండాలి కదా, ట్యాంకర్లతో ఎన్నాళ్లు మోస్తారు? బిల్డింగ్ ఆఫీసు నుంచి మాత్రం అద్దె చెక్కు గుర్తు చేస్తూ మెసేజ్ టైముకి వచ్చింది.

మా ఆయన, అన్నయ్య, అత్తయ్యగారు, మీకు వేరే థ్యాంక్స్ చెప్పక్కర్లేదు.

అయ్యో, మర్చిపోయాను, వీళ్లకీ థ్యాంక్స్. మూడో అంతస్తు కేరళ చేచ్చి గ్యాస్ స్టవ్ మీద అందరికీ గంజి కాచింది. మా నాతూర్ (బిల్డింగ్ వాచ్‌మన్), బంగ్లాదేశ్ అబ్బాయి, నీళ్ల డబ్బాలు తొమ్మిదంతస్తులూ మోశాడు. రాత్రంతా పాప పక్కనే ఉన్న ఫిలిప్పీన్ నర్సు. తిరుగు దారిలో పికప్‌లో ఎక్కించుకున్నాయన, మీ ముఖం కూడా సరిగ్గా చూడలేదండీ.

పాప లేచినట్టుంది, ఉంటాను.