మన కాలనీ సంక్షేమ సంఘం: పసిపిల్లల విభాగం వార్షిక నివేదిక, 2024–25

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

నిరుడు సర్వసభ్య సమావేశంలో ఈ విభాగానికి అనుమతి ఇచ్చినప్పుడు చాలామంది ఒకే ప్రశ్న వేశారు. "మూడేళ్లలోపు పిల్లలకి సంఘం చేసేదేముంటుంది, పార్కులో ఇంకో ఉయ్యాల వేస్తే సరిపోదా?" అని. ఉయ్యాల వేశాం. దాని ఖర్చు కోశాధికారిగారి పద్దులో ఉంది. ఏడాది పొడవునా మేం ఎక్కువగా మాట్లాడింది మాత్రం పిల్లల్ని ఎత్తుకుని వచ్చే పెద్దవాళ్లతో. భయం, కోపం, నమ్మకం, బెంగ – ఇవన్నీ పసివాళ్లకి తెలిసి వచ్చేది రోజూ చూసే నాలుగు మొహాల నుంచే. అందుకే ఆ నాలుగు మొహాల దగ్గరే పని మొదలుపెట్టాం.

ఆదివారం చాపలు

ఆదివారం ఉదయాల్లో కమ్యూనిటీ హాల్లో చాపలు పరిచి గంటసేపు కూర్చున్నాం. మైకు లేదు, ముఖ్య అతిథి లేరు, శాలువాలు అసలే లేవు. గుమ్మం దగ్గర ఒక బుట్ట పెట్టి ఫోన్లు అందులో వేయమన్నాం. మొదట్లో దీని మీద కాస్త చికాకు వచ్చింది. "ఆఫీసు కాల్ వస్తే ఎలా?" అని నాన్నలు, "వీడియో తీసుకోవద్దా?" అని అమ్మలు. మాట్లాడటానికి వచ్చిన పిల్లల డాక్టరుగారు ఆ పంచాయితీ తేల్చేశారు. 1970లలో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వవేత్త చేసిన ప్రయోగం గురించి ఆవిడ చెప్పారు. కొన్ని నెలల బిడ్డతో తల్లి మామూలుగా కబుర్లు చెబుతూ ఆడిస్తుంది. ఉన్నట్టుండి మొహంలో ఏ కదలికా లేకుండా బిడ్డను చూస్తూ ఉండిపోతుంది. బిడ్డ ముందు నవ్వి చూస్తుంది, చేతులు చాపుతుంది, కేక పెడుతుంది. ఎంతకీ తల్లి పలకకపోతే తల తిప్పేసుకుంటుంది, చివరికి ఏడుపు అందుకుంటుంది. ఇదంతా రెండు మూడు నిమిషాల్లోనే. ఫోన్ చూస్తూ పాలు పట్టేటప్పుడు మన మొహాలు ఎలా ఉంటాయో ఆవిడ విడిగా చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

ఆవిడే ఇంకో సంగతి కూడా చెప్పారు. ఎంత అన్యోన్యంగా ఉన్న తల్లీబిడ్డలైనా ఒకరి తీరు ఒకరికి సరిగ్గా అందేది దాదాపు మూడో వంతు సమయమేనని ట్రానిక్ గమనించారట. మిగతాదంతా తప్పిపోవడం, మళ్లీ కలుపుకోవడం. తప్పినా మళ్లీ కలుస్తామన్న ధీమా బిడ్డకు అక్కడే వస్తుంది. ఉద్యోగాలకు వెళ్లే తల్లులకు ఆ రోజు సగం టెన్షన్ దిగిపోయినట్టు మొహాల్లోనే కనిపించింది. ఈ ఒక్క మాట కోసమైనా ఆ కార్యక్రమం పెట్టడం మంచిదైంది.

అమ్మమ్మ వెళ్లింది, నాన్నమ్మ వచ్చింది

ఏడాది మొత్తంలో ఎక్కువ చర్చ జరిగింది దీని మీదే. మన కాలనీలో భార్యాభర్తలిద్దరూ హైటెక్ సిటీ వైపు ఉద్యోగాలకు పోయే ఇళ్లు చాలా ఉన్నాయి. గుంటూరు నుంచి అమ్మమ్మ వచ్చి ఆరు నెలలు చూస్తుంది, తర్వాత కరీంనగర్ నుంచి నాన్నమ్మ వంతు. అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్లలోనూ ఇదే వరస. విజిటర్ వీసా మీద వెళ్లేవాళ్లకు సాధారణంగా ఇచ్చే గడువు కూడా ఆరు నెలలే. చిక్కేమిటంటే, పురుడు పోసి అక్కడే ఉన్న అమ్మమ్మ ఊరికి బయల్దేరే సమయానికి బిడ్డకు ఆరు నెలలు నిండవస్తాయి. సరిగ్గా ఆ తర్వాతి రెండు మూడు నెలల్లోనే అయినవాళ్లెవరో, కొత్తవాళ్లెవరో బిడ్డకు స్పష్టంగా తెలియడం మొదలవుతుంది. అప్పటిదాకా ఎవరెత్తుకున్నా నవ్విన పిల్ల కొత్త మొహం కనిపిస్తే చాలు గుక్కపట్టి ఏడుస్తుంది. మర్నాటికే "మా మీద ఏం చెప్పి పెంచారో" అనే మాట పుడుతుంది. ఈ ఒక్క మాటతో వియ్యపురాళ్ల మధ్య రాజుకున్న గొడవలు ఎన్నో మనందరికీ తెలుసు.

ఆ ఏడుపులో ఎవరి తప్పూ లేదు, పైగా బిడ్డ సరిగ్గా ఎదుగుతోందనడానికి అది గుర్తు. 1954–55లో ఉగాండా పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి తల్లీపిల్లల్ని గమనించిన మనస్తత్వవేత్త మేరీ ఐన్స్‌వర్త్, తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లోనూ ఇలాంటి పరిశీలనే చేసింది. నమ్మిన మనిషి దగ్గరుంటే బిడ్డ ఆ మనిషిని ఆసరా చేసుకుని కాస్త దూరం పాకి వెళుతుంది, బెదిరితే వెనక్కి వచ్చి అంటుకుంటుంది. అలాంటి మనుషులు ఒకరి కంటే ఎక్కువమంది ఉండొచ్చు. కాకపోతే ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి మారడానికి కొంత గడువు కావాలి.

అందుకని ఈ ఇళ్లకు మేం ఇచ్చిన సలహా ఒక్కటే: వీలైతే రెండు వారాలపాటు ఇద్దరు పెద్దవాళ్లూ ఇంట్లో కలిసి ఉండండి. వచ్చినావిడ రాగానే బిడ్డను లాక్కోకుండా, కింద కూర్చుని తన పనేదో తాను చేసుకుంటూ ఉంటే బిడ్డే దగ్గరికి వస్తుంది. వియ్యపురాళ్లు రెండు వారాలు ఒకే వంటింట్లో ఉండటం తేలిక కాదని అందరూ నవ్వారు. అయినా కొన్ని ఇళ్లలో చేసి చూశారు, బిడ్డ తొందరగా కుదురుకుందని వాళ్లే వచ్చి చెప్పారు.

"ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటే చంక దిగదు" అన్న మాట కూడా చాలాసార్లు వచ్చింది. ఐన్స్‌వర్త్, సిల్వియా బెల్ కలిసి 1972లో ప్రచురించిన పరిశీలనలో మొదటి నెలల్లో ఏడుపుకి వెంటనే పలికిన తల్లుల పిల్లలు ఏడాది చివరికి తక్కువే ఏడ్చారు. ఆ తీర్పు మీద పరిశోధకుల్లోనే తర్వాత వాదాలు నడిచాయి కానీ, నాలుగు నెలల పిల్లని గారాబం చెడగొడుతుందని మాత్రం మా కమిటీలో ఎవరూ అనుకోవడం లేదు.

పార్కు, వాచ్‌మన్

ఇసుక దగ్గర రెండేళ్ల పిల్లల మధ్య బకెట్ కోసం తగాదా, వాళ్ల అమ్మల మధ్య దానికి మించిన తగాదా మామూలైపోయింది. "షేర్ చెయ్ నాన్నా" అని ఎంత బతిమాలినా ఆ వయసుకు అది అందదు. రెండేళ్లవాళ్లు పక్కపక్కన ఆడతారే తప్ప కలిసి ఆడటం ఇంకా రాదు. అందుకని బొమ్మల నిధిలోంచి రకరకాలవి కొనకుండా, ఒకే రంగు, ఒకే సైజు బకెట్లు కొన్నాం. తగాదాలు బాగా తగ్గాయి. పెద్దవాళ్లవి కూడా.

ఇక మన వాచ్‌మన్ స్వయంగా వచ్చి చేసిన ఫిర్యాదు ఒకటి. అన్నం తినకపోతే, నిద్రపోకపోతే, మారాం చేస్తే "వాచ్‌మన్ తాతకి ఇచ్చేస్తా" అని ప్రతి ఇంట్లో తన పేరే చెబుతున్నారట. పిల్లలు తనను చూసి పారిపోతున్నారని, సొంత మనవళ్లతో సమానమైన పిల్లలు అలా బెదిరిపోతుంటే బాధగా ఉందని అన్నాడు. రేపు ఏ పిల్లయినా గేటు దగ్గర తప్పిపోతే వెళ్లి చెప్పుకోవాల్సింది ఆయనకే. వాచ్‌మన్, పోలీసు, డాక్టరు పేర్లతో పిల్లల్ని భయపెట్టవద్దని కార్యవర్గం తీర్మానం చేసింది. అమలు ఎంతవరకో చెప్పలేం. బూచాడికి మాత్రం మినహాయింపు కావాలని ఒక తాతగారు పట్టుబట్టారు, తీర్మానంలో అది చేర్చలేదు.

పేచీ పెట్టే పిల్లను ఊరుకోబెట్టడానికి ఫోన్ ఇవ్వడం గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. రెండేళ్లలోపు స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి ఐదేళ్ల వరకు రోజుకు గంట మించవద్దని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. ఆ కాగితం లిఫ్ట్‌లో అంటించాం.

అంగన్‌వాడీ, ఆసుపత్రి

వెనక బస్తీలోని అంగన్‌వాడీ టీచరుగారు మాకు చాలా సాయం చేశారు. పుట్టినప్పటి నుంచి మూడేళ్ల దాకా పిల్లలతో ఏం మాట్లాడాలి, ఏం ఆడాలి అని కేంద్ర ప్రభుత్వం 2024లో తెచ్చిన 'నవచేతన' ప్రణాళికలోని ఆటలు మాకు చేసి చూపించారు. సగం మన అమ్మమ్మలకు ముందే వచ్చు, అది చూసి వాళ్లకు మహా సంతోషం.

ఏడాది నిండినా పేరు పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నరకీ వేలితో దేన్నీ చూపించకపోవడం, వచ్చిన మాటలూ నవ్వులూ పోవడం కనిపిస్తే "మగపిల్లలకు మాటలు ఆలస్యం" అని ఊరుకోవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి, అక్కడ పరీక్ష ఉచితం. అనుమానం వచ్చి వెళ్లిన కుటుంబాల వివరాలు ఈ నివేదికలో రాయడం లేదు, అడగవద్దని కూడా మనవి.

బాలింతల దిగులు గురించి ఒక్క ఆదివారమే మాట్లాడగలిగాం. అది చాలలేదు. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

వచ్చే ఏడాదికి

ఆయాల సంగతి తేలలేదు. నెలకు ఐదారు వందల తేడాకి ఆయాను మార్చే ఇళ్లు మనలో ఉన్నాయి. రోజంతా చూసుకునే మనిషి మాయమైతే ఏడాది పిల్లకి అది ఇంట్లో మనిషి పోయినట్టే. జీతం కాస్త పెంచయినా ఉన్న మనిషిని నిలుపుకోమని మా సలహా. ఆ ఆయాలకూ చంటిపిల్లలు ఉన్నారు, వాళ్లను ఏ ఆరేళ్ల అక్కకో అప్పగించి మన ఇళ్లకు వస్తున్నారు. పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా ఖాళీగా ఉండే కమ్యూనిటీ హాల్‌ను వాళ్ల పిల్లలకు ఇచ్చి, ఒక మనిషిని పెట్టాలని ఈ విభాగం ప్రతిపాదించింది. నిర్వహణ ఖర్చు, భద్రత అని కార్యవర్గంలో కొందరు అభ్యంతరం చెప్పారు. ప్రతిపాదన ఈసారి సర్వసభ్య సమావేశం అజెండాలో మూడో అంశంగా ఉంది. ఖర్చు అంచనా కాగితం ఆఫీసులో దొరుకుతుంది. చదివి వచ్చి ఓటు వేయండి.

– కన్వీనర్, పసిపిల్లల విభాగం