టెనోరియో ఉద్యానంలో జలకాలాటలని ఎలా ప్రకటించారు?

విషయం: రియో సెలెస్తె యాత్రపై మీరిచ్చిన తప్పుడు హామీల గురించి ఫిర్యాదు

మేనేజర్ గారికి,

నమస్కారం. జులైలో మీ సంస్థ తెలుగు కుటుంబాల కోసం నడిపిన కోస్టారికా యాత్రకు హ్యూస్టన్ నుంచి మా కుటుంబం వచ్చింది. మిగతా రోజులతో నాకు పేచీ లేదు. రియో సెలెస్తె అనే నీలి నది ఉన్న టెనోరియో అగ్నిపర్వత జాతీయ ఉద్యానానికి తీసుకెళ్లిన రోజు గురించే ఈ ఉత్తరం. ఫోనులో చెబితే "నమోదు చేసుకున్నాం" అనడమే తప్ప జవాబు లేదు. అందుకే రాతపూర్వకంగా పంపుతున్నాను.

మీ కరపత్రంలో "జలపాతం కింద నీలి నీళ్లలో పిల్లాపాపలతో జలకాలాటలు" అని ఉంది. ఆ ఉద్యానం లోపల నదిలో దిగడం నిషేధం. ఈత దుస్తులు సర్దుకుని వచ్చిన పిల్లలకు ఆ సంగతి గేటు దగ్గర బోర్డు చూస్తే గానీ తెలియలేదు. అంతటితో ఆగినా సరిపెట్టుకునేవాళ్లం. జలపాతం దగ్గర మీ గైడు "కాపలావాళ్లు పైకి వెళ్లారు, కాళ్లు తడుపుకుని రండి" అన్నాడు. ఇద్దరు కుర్రాళ్లు తాడు దాటి నాచు పట్టిన బండల మీదికి దిగారు. పైనుంచి ఈల వినబడింది. ఉద్యాన సిబ్బందిలో ఒకాయన గబగబా మెట్లు దిగి వచ్చి అందరి ముందూ మందలించాడు. మేం తలదించుకుని నిలబడితే మీ గైడు పక్కకు తప్పుకున్నాడు. ఆ బండల మీద ఎవరి కాలైనా జారి ఉంటే బాధ్యత ఎవరిది? అడవిని కాపాడుకోవడానికి వాళ్లు పెట్టుకున్న నియమాన్ని మా పిల్లల చేత మీరెందుకు తప్పించాలి?

ఇక సమయం సంగతి. లా ఫోర్తునా ఊరి నుంచి పొద్దున్నే బయలుదేరాల్సిన బస్సు ఆలస్యంగా కదిలింది. దారిలో కానుకల దుకాణం దగ్గర చాలాసేపు ఆపారు. మధ్యాహ్నం 2 దాటితే లోపలికి పంపరు, 4 గంటలకు మూసేస్తారు. మేం ఆఖరి నిమిషాల్లో గేటు దాటాం. జలపాతం చూసేసరికే వెనుదిరగమన్నారు. నది నీలంగా మారే తెన్యిదెరోస్ అనే చోటు వరకు వెళ్లనే లేదు.

మా అమ్మాయి ఈ యాత్ర కోరుకున్నదే ఆ చోటు కోసం. అక్కడ రంగులేని రెండు ఏర్లు కలుస్తాయి, కలిసిన గీత దగ్గరి నుంచే నది నీలంగా మారుతుంది. ఒక ఏటిలో అల్యూమినియం, సిలికాన్ ఉన్న సన్నని ఖనిజ రేణువులుంటాయి. రెండోదాని ఆమ్లగుణం తగలగానే అవి ఒకదానికొకటి అంటుకుని పెద్దవవుతాయి, నీలి కాంతిని వెదజల్లుతాయి. ఇంత అద్భుతం గురించి పాప అడిగితే మీ గైడు "నీళ్లలో రాగి ఉంది" అని తేల్చేశాడు. గుర్తింపు పొందిన గైడు అని మీరు డబ్బు తీసుకున్నది ఇందుకేనా? పెద్ద వాన పడితే ఆ నది బురదరంగుకు మారుతుందని నాకు తెలుసు. అలా జరిగి ఉంటే మిమ్మల్ని ఒక్క మాట అనేవాణ్ణి కాదు. ఆ రోజు నీళ్లు తేటగా, నీలంగా ఉన్నాయి.

మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులని బుకింగు నాడే చెప్పాను. "దారి చదునుగా ఉంటుంది, పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు" అని మీవాళ్లు మెయిలులో రాశారు, దాన్ని జతచేస్తున్నాను. జలపాతానికి సుమారు 250 మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. మిగతా దారంతా వేర్లు, బురద. ఆవిడ గేటు దగ్గరే, భాష తెలియని చోట, ఒంటరిగా కూర్చున్నారు. ముందే నిజం చెప్పి ఉంటే ఆ రోజు ఆవిడతో పాటు నేనూ హోటల్లో ఉండిపోయేవాణ్ణి.

ఆ రోజు యాత్రకు మా కుటుంబం చెల్లించిన మొత్తాన్ని తిరిగి ఇవ్వండి. కరపత్రం నుంచి జలకాలాటల మాట తీసేసి, మెట్ల సంగతి, ప్రవేశ సమయం స్పష్టంగా రాయండి. ఉద్యానం సరిహద్దు బయట నదిలో దిగనిచ్చే చోట్లు ఉన్నాయి. స్నానాలే కావాలనేవాళ్లను అక్కడికి తీసుకెళ్లండి. ఆ గైడుపై ఏ చర్య తీసుకున్నారో కూడా తెలియజేయండి. 15 రోజుల్లో రాతపూర్వక జవాబు రాకపోతే కార్డు బ్యాంకు ద్వారా చెల్లింపుపై అభ్యంతరం నమోదు చేస్తాను.

ఇట్లు,
మీ యాత్రికుడు,
హ్యూస్టన్

జతపరచినవి: కరపత్రం ప్రతి, మీ ఉద్యోగి మెయిలు, చెల్లింపు రసీదు