పాడైతే పాడవనివ్వండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను బడిలో సైన్స్ చెబుతాను. బడి అయ్యాక పిల్లల చేత చిన్న చిన్న ఎలక్ట్రానిక్ పరికరాలు చేయించి, వాటికి కోడ్ రాయిస్తుంటాను. బడులకు ఎలక్ట్రానిక్స్ కిట్లు ఇవ్వడం మంచి పనే, అందులో రెండో మాట లేదు. నా బాధల్లా ఆ కిట్లు పిల్లల చేతికి రాకపోవడమే. వచ్చినవి వచ్చినట్టే బీరువాలోకి వెళ్తున్నాయి. టీచర్లను తప్పుపట్టి లాభం లేదు. కిట్టులోని ప్రతి వస్తువూ స్టాక్ రిజిస్టర్‌లో వాళ్ళ సంతకం మీదే ఉంటుంది. ఆడిట్‌లో ఒక సెన్సర్ తగ్గితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది వాళ్ళే. అలాంటప్పుడు క్లాసు నిండా పిల్లల మధ్య ఆ పెట్టె తెరిచే ధైర్యం ఎవరికి ఉంటుంది?

అందుకే మిమ్మల్ని ముఖ్యంగా ఒక్కటే అడుగుతున్నాను. కరెంటుని అదుపులో పెట్టే రెసిస్టర్లు, ఎల్‌ఈడీ లైట్లు, వైర్లు, బటన్లు, చిన్న సెన్సర్లు, ఆఖరికి కోడ్ ఎక్కించుకుని నడిచే చిన్న కంప్యూటర్ లాంటి మైక్రోకంట్రోలర్ బోర్డులు కూడా కెమిస్ట్రీ ల్యాబులో ఫిల్టర్ పేపర్ లాగా వాడితే అయిపోయే సామాను కింద రాసుకోవచ్చని ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఏది ఎందుకు కాలిపోయిందో రాసి పెట్టమనండి, అది పిల్లలకీ మంచిదే. దాని ఖరీదు మాత్రం టీచర్ జీతంలోంచి రాబట్టకండి.

ఎందుకింత గట్టిగా అడుగుతున్నానంటే, ఈ చదువులో అసలు పాఠం మొదలయ్యేది ఏదో ఒకటి పనిచేయనప్పుడే. మా దగ్గర ఒకమ్మాయి బోర్డుకి బటన్ కలిపింది. నొక్కితే లైటు వెలగాలి, వదిలితే ఆరిపోవాలి. కానీ నొక్కకుండానే దానంతట అది వెలుగుతోంది, ఆరుతోంది. చెయ్యి దగ్గరికి తెస్తే ఇంకా ఎక్కువ. "సార్, దీనికి దెయ్యం పట్టింది" అంది. పక్కనున్న పిల్లలు కోడ్ అంతా చెరిపేసి మళ్ళీ రాయమన్నారు. రాసింది. దెయ్యం పోలేదు.

సంగతేమిటంటే, బోర్డు మీద తీగ తగిలించే చోటుని పిన్ అంటాం. బటన్ నొక్కనప్పుడు దాని తీగ తగిలించిన పిన్ దేనికీ కలిసి లేదు. అలా గాల్లో వదిలేసిన పిన్ యాంటెన్నాలా చుట్టుపక్కల ఉన్న విద్యుత్ అలజడినంతా పట్టుకుంటుంది. బోర్డు దాన్ని ఒకసారి సున్నా అని, ఒకసారి ఒకటి అని చదువుతుంది. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెట్టి పిన్‌ని గ్రౌండ్‌కి, అంటే సున్నా వోల్టుల వైపుకి, కలిపితే గొడవ వదిలిపోతుంది. లేదంటే పిన్‌ని ఒకటి వైపు లాగి పట్టుకునే, బోర్డు లోపలే ఉన్న పుల్‌అప్ రెసిస్టర్‌ని కోడ్‌లో ఒక్క లైనుతో వాడుకోవచ్చు. అప్పుడు బటన్‌ని పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య కలపాలి. లెక్కా తిరగబడుతుంది, నొక్కితే సున్నా, వదిలితే ఒకటి. ఆ అమ్మాయి రెండో దారి పట్టింది. లైటు తలకిందులుగా వెలగడం చూసి, ఎవరూ చెప్పకుండానే తన కోడ్‌లో షరతుని తిరగేసుకుంది. తీగలో ఉన్న లోపాన్ని కోడ్‌తోనూ సరిచేయొచ్చని, సరిచేస్తే కోడ్‌లో ఇంకోటి మార్చాల్సి వస్తుందని ఆ సాయంత్రం ఆమెకి తెలిసినంత బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు. కిట్టు పాడవుతుందేమో అన్న టెన్షన్‌తో నేనే అన్నీ బిగించి చూపించి ఉంటే, నొక్కితే లైటు వెలుగుతుందన్న ముక్క ఒక్కటే నేర్చుకునేది.

వోల్టేజీని రెసిస్టెన్స్‌తో భాగిస్తే కరెంటు వస్తుందనే ఓమ్ నియమం కూడా అంతే. 5 వోల్టుల పిన్‌కి ఎర్ర ఎల్‌ఈడీ కలుపుతున్నాం. దాని మీద సుమారు 2 వోల్టులు పడతాయి. మిగతా 3 వోల్టులు 220 ఓమ్‌ల రెసిస్టర్ మీద పడితే కరెంటు దాదాపు 14 మిల్లీ ఆంపియర్లు. రెసిస్టర్ ఎందుకు, తీసేస్తే ఏమవుతుందని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. ఒక ఎల్‌ఈడీ పోతే పోయిందని, నా కళ్ళ ముందే, బోర్డుతో సంబంధం లేకుండా విడి బ్యాటరీ మీద చేసి చూడమంటాను. ఆ తర్వాత రెసిస్టర్ పెట్టమని ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు.

ఇదేమీ నేను కనిపెట్టిన పద్ధతి కాదు. 1967లో పిల్లల కోసం లోగో భాషను తయారుచేసిన వాళ్ళలో ఒకరైన సేమర్ పాపర్ట్, ప్రోగ్రాములో తప్పు దొరకడాన్ని పిల్లల ఓటమిగా చూడలేదు. ఆ తప్పుని వెతికి దిద్దుకోవడమే నేర్చుకోవడం అన్నది ఆయన వాదన. 2016లో బ్రిటన్‌లో మైక్రోబిట్ బోర్డులను దాదాపు పది లక్షల మంది పిల్లలకు ఉచితంగా ఇచ్చారు. పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలు వాళ్ళంతా. నాకు నచ్చింది ఆ సంఖ్య కాదు, ఆ బోర్డు పిల్లల సొంతం కావడం. ఇంటికి తీసుకెళ్ళొచ్చు, పారేసుకోవచ్చు, పాడుచేసుకోవచ్చు. ఇరవై అయిదు చిన్న లైట్లు, రెండు బటన్లు, కదలికను పట్టే సెన్సర్ ఉన్న అరచేతిలో ఇమిడే బోర్డు అది. రిజిస్టర్‌లో మన పేరు మీద ఉన్న వస్తువుతో ఆడుకోవడం వేరు, మన జేబులో ఉన్నదానితో ఆడుకోవడం వేరు. అన్ని చోట్లా పిల్లవాడికొక బోర్డు ఇవ్వడం కుదరకపోవచ్చు. ఇద్దరికి ఒకటైనా ఉండాలి. అయిదుగురికి ఒకటి ఇస్తే ఒకడు చేస్తాడు, నలుగురు చూస్తారు. ఆ చూసేవాళ్ళలో ఎక్కువగా ఆడపిల్లలే ఉండటం నేను చూస్తూనే ఉన్నాను.

ప్రమాదాల గురించి మీ అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. గోడ సాకెట్‌లోని కరెంటు ముట్టుకునే ప్రాజెక్టు ఏదీ పిల్లలకు వద్దు. విడి లిథియం బ్యాటరీలు చిన్న క్లాసులకు వద్దే వద్దు, షార్ట్ అయితే మంట లేస్తుంది. లోహం కరిగించి తీగలు అతికించే సోల్డరింగ్ పెద్ద పిల్లలకే, గాలి ఆడే చోట, కళ్ళద్దాలు పెట్టించి. అతికించే పని లేకుండా తీగలు గుచ్చి కలిపే బ్రెడ్‌బోర్డ్ మీద 3, 5 వోల్టులతో ఏళ్ళ తరబడి నేర్చుకోవాల్సినంత పని ఉంది.

దయచేసి దీన్ని రాత పరీక్ష సబ్జెక్టు చేయకండి. 'రెసిస్టర్ అనగానేమి? 5 మార్కులు' అన్న ప్రశ్న వచ్చిన రోజే గైడ్లు వస్తాయి, బీరువాకి మళ్ళీ తాళం పడుతుంది. ఎగ్జిబిషన్ల పిచ్చి కూడా కాస్త తగ్గించాలి. అడ్డం వస్తే పక్కకు తిరిగే బండి ప్రతి ఎగ్జిబిషన్‌లోనూ ఉంటుంది. ఆ బండి ముందు నిలబడ్డ పిల్లవాడిని దానిలో ఒక వైరు పీకి మళ్ళీ పెట్టమనండి, ఎవరు చేశారో తెలిసిపోతుంది. మార్కులు వేయక తప్పదంటే, కావాలని ఒక లోపం పెట్టిన సర్క్యూట్ ఇచ్చి, ఎలా వెతుకుతున్నారో చూసి వేయండి.

కొత్త టెండర్ పిలిచే ముందు కొనే సామాను జాబితాని ఒక్కసారి తెప్పించుకుని చూడండి. రోబో చేతులు, రంగురంగుల ప్లాస్టిక్ ముక్కలు కొన్ని తగ్గినా ఫర్వాలేదు. ప్రతి బడికీ వోల్టేజీ, కరెంటు కొలిచే మల్టీమీటర్లు రెండు, బోలెడన్ని విడి రెసిస్టర్లు, డేటా కూడా వెళ్ళే యూఎస్‌బీ కేబుళ్ళు చేర్చమనండి. కేబుల్ మాట నవ్వులాటకి చెప్పడం లేదు. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ పెడితే బోర్డు మీద లైటు వెలుగుతుంది, కోడ్ మాత్రం ఎక్కదు. బోర్డే చెడిపోయిందనుకుని దాన్ని పక్కన పడేసిన బడులు ఉన్నాయి.

ఇట్లు,
ఒక సైన్స్ టీచర్