నాన్న హెర్నియా ఆపరేషన్: డాక్టర్ గారికీ, నైట్ డ్యూటీ సిస్టర్‌కీ కృతజ్ఞతలు

మా నాన్నకు గజ్జల్లో హెర్నియా (పొట్ట గోడ బలహీనపడ్డ చోట నుంచి పేగు బయటికి తోసుకురావడం) ఆపరేషన్ అయ్యి నిన్నటికి ఆరు వారాలు. ఆ హడావిడిలో డాక్టర్ గారికి సరిగ్గా థాంక్స్ కూడా చెప్పలేదు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

నాన్న తెనాలిలో నలభై ఏళ్లుగా టైలర్. వయసు 68. కుడి గజ్జల్లో బుడిపె మూడేళ్ల నుంచీ ఉందట. పొద్దున ఉండదు, సాయంత్రం దాకా మిషన్ తొక్కితే కోడిగుడ్డంత అయ్యేది, పడుకుంటే లోపలికి పోయేది. వరిబీజం అనుకుని, ఆడపిల్లకి ఎలా చెప్పడమని లుంగీ చాటున దాచాడు. ఎవరో చెబితే కొన్న బెల్టు బీరువాలో దొరికితే గానీ నాకు తెలియలేదు.

మొదట వెళ్లిన చోట పడుకోబెట్టి ఒక్క నిమిషం చూసి, రేపే అడ్మిట్ అవ్వండి, ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే ఆపరేషన్) ప్యాకేజీ ఉంది అన్నారు. నాకు టెన్షన్ వచ్చి నాన్నని గుంటూరు తీసుకెళ్లాను.

అక్కడ డాక్టర్ గారు నాన్నని నిలబెట్టి దగ్గమన్నారు. వేలు ఆనించి చూశారు, రెండో వైపూ చూశారు. బీడీలు ఎన్ని, దగ్గు ఎన్నాళ్ల నుంచి, మోషన్‌కి ముక్కాల్సి వస్తోందా, మూత్రం ధారగా వస్తోందా అని అడిగారు. హెర్నియాకీ మూత్రానికీ ఏం సంబంధం అనుకున్నా. మోషన్‌కో మూత్రానికో రోజూ అలా ముక్కుతూ, దగ్గుతూ ఉంటే ఎంత బాగా కుట్టినా మళ్లీ రావచ్చట. ముందు బీడీ మాని, దగ్గు తగ్గించుకుని రమ్మని మూడు వారాలు వాయిదా వేశారు. ఈలోగా బుడిపె లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు వస్తే మాత్రం అర్ధరాత్రైనా వచ్చేయమన్నారు. పేగు ఇరుక్కుని నలిగిపోతుందట.

లోపల మెష్, అంటే సన్నటి వల ముక్క, పెట్టి కుట్టాలంటే నాన్న భయపడ్డాడు. డాక్టర్ గారు ఓపీ చీటీ వెనక బొమ్మ గీసి, "మాస్టారూ, నలిగిన గుడ్డకి చిరుగు పడితే అంచులు లాగి కుడతారా, అతుకు వేస్తారా?" అన్నారు. "లాగి కుడితే కుట్టు పక్కనే చిరుగుతుంది సార్. చిరుగు కన్నా పెద్ద అతుకు వెయ్యాలి" అన్నాడు నాన్న. మెష్ అంటే అదేనట. 1880ల్లో ఇటలీలో బాసిని అనే సర్జన్ అంచులు దగ్గరకు లాగి కుట్టే పద్ధతి పెడితే, అందరూ చాలా కాలం దాన్నే నమ్ముకున్నారట. లాగకుండా మెష్ పరిచే పద్ధతికి 1980ల్లో అమెరికాలో లిక్టెన్‌స్టైన్ పేరు తెచ్చాడట. మా నాన్న మొహం చూడాలి అప్పుడు!

ల్యాప్రోస్కోపీ గురించి నేనే అడిగాను. రెండు వైపులా ఉన్నా, ఓపెన్ చేశాక మళ్లీ వచ్చినా అదే మంచిదన్నారు. నాన్నకి ఒక వైపే, మొదటిసారి, పైగా బీడీ ఊపిరితిత్తులు. ల్యాప్రోస్కోపీకి కావాల్సిన పూర్తి మత్తు ఎందుకని అక్కడి వరకే తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి ఓపెన్‌గా చేశారు. మెష్ కుట్టాక టేబుల్ మీదే "మాస్టారూ, గట్టిగా దగ్గండి" అన్నారట, అతుకు నిలిచిందో లేదో చూడటానికి. నాన్న ఇప్పటికి ఇరవై మందికి చెప్పి ఉంటాడు ఈ సంగతి.

మూడో రోజు రాత్రి వృషణాల దగ్గరంతా నల్లగా కమిలి వాచింది. ఏడుస్తూ ఫోన్ చేశాను. సిస్టర్ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. జ్వరముందా, మూత్రం వస్తోందా, వాపు ఇంకా పెరుగుతోందా, వాంతులేమైనా అయ్యాయా అని ఒక్కొక్కటీ అడిగి, డాక్టర్ గారిని కనుక్కుని, పది నిమిషాల్లో తిరిగి ఫోన్ చేసింది. ఇది రక్తం కిందికి దిగి కమిలింది అంతే, లంగోటా కట్టండి, పొద్దున తీసుకురండి అంది. నీ పేరు కూడా అడగలేదమ్మా, క్షమించు. వారానికల్లా ఆ నలుపు పసుపురంగుకి తిరిగి పోయింది.

కోత కింద కొంచెం మొద్దుబారినట్టుంది. సన్న నరాలు అక్కడే ఉంటాయి, కొన్నాళ్లు అలాగే ఉండొచ్చని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు.

మొన్న చెకప్‌లో నాన్న కోత వంక తేరిపార చూసుకుని, "కుట్టు నీట్‌గా ఉంది సార్, చివర ముడి ఒక్కటే కాస్త లావైంది" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. డాక్టర్ గారు మాత్రం కళ్లజోడు సవరించుకుని, వంగి ఆ ముడి చూసి, "నిజమే మాస్టారూ" అన్నారు.