చిన్నమ్మలుకి, పుస్తకాల గురించి

చిరంజీవి చిన్నమ్మలుకి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది, మేడ మెట్లు మెల్లగా ఎక్కుతోంది. అప్పలకొండ మామయ్య సింహాచలం నుంచి వచ్చి రెండు పూటలు ఉండి వెళ్లాడు, నిన్ను మరీ మరీ అడిగాడు. వానలు పడుతున్నా ఉక్క మాత్రం తగ్గలేదు. సాయంత్రం సముద్రం గాలి తిరిగితే తప్ప వరండాలో కూర్చోలేకపోతున్నాం.

వినాయక చవితి ముందు నువ్వు పెట్టిన మెసేజ్‌కి జవాబు ఇది. "నాన్నా, చదవడానికి ఏవైనా కొత్త పుస్తకాలు చెప్పు, ఫాంటసీ నవలల నుంచి మన దేశ చరిత్ర దాకా ఏదైనా పర్లేదు" అన్నావు. వెంటనే ఫోన్ చేశాను, ఎత్తలేదు. మర్నాడు చేస్తే మీటింగ్‌లో ఉన్నానన్నావు. ఆ తర్వాత నీ నుంచి మాటే లేదు. పని ఒత్తిడి ఉంటుంది, తెలుసు. కాగితం మీద రాస్తే తీరిక దొరికినప్పుడు చదువుకుంటావని రాస్తున్నాను. శ్రీను బావ ఆదివారం మళ్లీ బెంగళూరు వెళ్తున్నాడు, నీ ఆఫీసుకి వచ్చి ఇస్తానన్నాడు.

శ్రీను మొన్న ఇక్కడికి వచ్చినప్పుడు ఒక మాట అన్నాడు. నువ్వు రూం మారావట, పుస్తకాలన్నీ అట్టపెట్టెల్లో సర్ది వాచ్‌మన్ పిల్లలకీ ఆఫీసు వాళ్లకీ పంచేశావట. ఆ సంగతి అడగొద్దని అమ్మ గట్టిగా చెప్పింది. అందుకని అడగడం లేదు. పుస్తకాల మాటకి వస్తాను.

ముందు ఫాంటసీ. అది నీకు కొత్తేమీ కాదు. చిన్నప్పుడు నీకు ముద్ద దిగాలంటే పక్కన చందమామ ఉండాల్సిందే. పెద్దనాన్న బైండింగ్ చేయించిన సంపుటాలు అటక మీద నుంచి దింపించుకుని, దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు వరసపెట్టి చదివేదానివి. చిత్రా గీసిన రాక్షసుల బొమ్మలున్న పేజీలు మాత్రం రాత్రిపూట తిప్పేదానివి కాదు. ఆ సీరియళ్లు తర్వాత పుస్తకాలుగా కూడా వచ్చాయి. పెద్దయ్యాక చదివితే చిన్నపిల్లల కథలనిపిస్తాయేమోనని సందేహించకు. నేను ఈ మధ్యే ఒకటి తిరగేశాను. ప్రతి నెలా ఎక్కడ ఆపాలో, మళ్లీ ఎక్కడ అందుకోవాలో ఆయనకి ఎంత బాగా తెలుసో ఇప్పుడు ఇంకా బాగా కనిపించింది.

ఇంగ్లీషులో అయితే ఉర్సులా లెగ్విన్ రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'తో మొదలుపెట్టు. 1968లో వచ్చింది, చిన్న పుస్తకం. మేకలు కాసుకునే దీవిలో పుట్టిన కుర్రాడు మాంత్రికుడవుతాడు. గొప్ప కోసం చేయకూడని మంత్రం చేసి ఒక నీడని లోకంలోకి వదిలేస్తాడు, ఇక దాని నుంచి పారిపోవడమే బతుకవుతుంది. ఎన్నాళ్లు పారిపోతాడు, ఎప్పుడు వెనక్కి తిరుగుతాడు అన్నదే కథ. నాకు చాలా నచ్చింది. ఫాంటసీ నవల మంచిదో కాదో చూడటానికి నేను ఒకటే చూస్తాను: మంత్రం వేసినవాడు దానికి ఏదైనా చెల్లించుకుంటున్నాడా లేదా. ఊరికే చెయ్యి తిప్పితే పనులైపోయే కథల్లో యాభై పేజీలు దాటాక ఎవరి గురించీ టెన్షన్ ఉండదు. అలాంటిది పక్కన పెట్టెయ్, మొహమాటపడకు.

టోల్కీన్ పెద్ద పుస్తకం 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' 1954-55లో మూడు భాగాలుగా వచ్చింది. అది ఇప్పుడే వద్దు. ముందు 1937లో వచ్చిన 'ది హాబిట్' చదువు, అది సాఫీగా పోతుంది. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో సోమ్ దగ్గర జరిగిన పోరులో ఉన్న సైనికుడు. అది తెలిసి చదివితే ఆ కథల్లో యుద్ధం అయ్యాక ఇల్లు చేరేవాళ్ల అలసట వేరేగా తగులుతుంది. ఆఫర్ ఉంది కదా అని ఏడు భాగాలు, పది భాగాల సెట్లు మాత్రం కొనకు. మొదటి భాగం కొను, నచ్చితే రెండోది. సెట్ కొంటే చదవాల్సిన బాకీలా అల్మారాలో కూర్చుంటుంది. రూం మారినప్పుడు మోయడం కూడా కష్టం. ఆ కష్టానికే అన్నీ పంచేశావా అని ఒకసారి అనిపించింది. మోయడమే కష్టమైతే ఇక్కడికి పంపితే నేను దాచేవాడిని కదా. నీ గది ఖాళీగానే ఉంది. సరే, వదిలెయ్.

చరిత్ర దగ్గరికి వద్దాం. దీని గురించి నీకు కాస్త ఎక్కువే చెబుతాను. దేశ చరిత్ర అంటే అందరూ ఒక లావు పుస్తకం కొని మొదటి అధ్యాయంలోనే ఆగిపోతారు. సింధు నాగరికత దగ్గర మొదలుపెట్టి సింధు నాగరికత దగ్గరే ముగించినవాళ్లని నేను చాలామందిని చూశాను. నువ్వు అలా చేయకు. నీకు తెలిసిన ఊరి దగ్గర, నీకు తెలిసిన సంగతి దగ్గర పుస్తకంలోకి దిగు. ఈ అలవాటు నాకు ఎలా వచ్చిందో నీకు చెప్పే ఉంటాను, అయినా మళ్లీ చెబుతాను.

మీ తాతయ్య రాత్రి భోజనాల దగ్గర బాంబుల కథ చెప్పేవారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. తాతయ్య అప్పుడు చిన్న కుర్రాడు, కోట వీధిలో ఉండేవాళ్లు. హార్బరు వైపు పొగ లేవడం చూశారట. మర్నాటికి ఊళ్లో సగం ఇళ్లకి తాళాలు. తాతయ్య వాళ్ల నాన్న ఎడ్లబండి మాట్లాడి, అందరినీ ఎక్కించి చోడవరం తీసుకెళ్లారు. దారిలో ఒక ఎద్దు కూలబడితే పిల్లలంతా దిగి నడిచారట. వెండి చెంబు ఒకటి బండిలోంచి జారిపోతే, అది వెతకడానికి ముసలమ్మ వెనక్కి వెళ్తానని పేచీ పెట్టిందట. ఆ చెంబు కథే ఒక గంట చెప్పేవారు. యుద్ధం రోజుల్లో మన ఆంధ్ర యూనివర్సిటీని కూడా కొన్నాళ్లు గుంటూరుకి తరలించారు, అది కూడా కలిపేవారు.

నేను ఏవీఎన్ కాలేజీలో చదివేటప్పుడు ఈ సంగతి ముకుందానికి చెబితే వాడు నమ్మలేదు. "మన పాఠ్యపుస్తకంలో లేదు కదరా, ఉంటే రాయరా?" అన్నాడు. నాకు పౌరుషం వచ్చింది. సెలవుల్లో లైబ్రరీకి వెళ్లి యుద్ధం మీద ఉన్న పుస్తకాలన్నీ తీయడం మొదలుపెట్టాను. మొదటి నుంచి చదివితే ఎప్పటికీ తేలదని, వెనక పేజీల్లో అక్షరక్రమంలో ఉండే సూచికలో 'వి' దగ్గర వెతకడం నేర్చుకున్నాను. చాలా వాటిలో మన ఊరి పేరే లేదు. కొలంబో మీద దాడి ఉంది, ట్రింకోమలీ ఉంది, మనం లేము. చివరికి ఒక లావు ఇంగ్లీషు పుస్తకంలో దొరికింది. విశాఖపట్నం, కాకినాడ మీద విమానాలు దాడి చేశాయని ఒకే ఒక్క వాక్యం. కాగితం మీద ఎత్తి రాసుకుని ముకుందానికి చూపించాను. ఆ తర్వాత ఇంటికి తెచ్చి తాతయ్యకి తెలుగులో చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అంతేనా? జనం ఊరొదిలి పోయిన సంగతి రాయలేదా?" అన్నారు. లేదన్నాను. "అయితే ఆయన ఇక్కడికి వచ్చి ఎవరినీ అడగలేదన్నమాట" అన్నారు. 

అప్పటి నుంచి ఏ చరిత్ర పుస్తకం చేతికొచ్చినా ముందు వెనక పేజీలు చూస్తాను. మనకి బాగా తెలిసిన విషయం ఒకటి వెతికి, దాన్ని ఎలా రాశాడో చదువుతాను. అల్లూరి సీతారామరాజు పేరు తీసి చూడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్ మీద దాడి, 1924 మే 7న ఆయన మరణం, ఇవి అందరూ రాస్తారు. కొండవాళ్లకి కోపం ఎందుకొచ్చిందో రాశాడా? 1882 అడవి చట్టం వచ్చాక పోడు చేసుకోవడానికి అడ్డంకులు పెట్టడం, రోడ్డు పనులకి మనుషుల్ని తోలుకెళ్లి సరిగ్గా కూలి ఇవ్వకపోవడం, ఇవన్నీ చెప్పాడా? చెప్పి ఉంటే పంజాబు గురించీ బెంగాల్ గురించీ కూడా అతను శ్రద్ధగానే రాసి ఉంటాడని నమ్మి కొనుక్కోవచ్చు.

రెండో పరీక్ష నువ్వే నాకు నేర్పావు. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ లోపల తిరిగి బయటికొచ్చాక, "ఘాజీని ఎవరు ముంచారు?" అని అడిగావు, గుర్తుందా? ఘాజీ పాకిస్తాన్ వాళ్ల సబ్‌మెరైన్, 1971 యుద్ధంలో డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ మన తీరానికి దగ్గర్లోనే మునిగింది. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ ఛార్జీలకి, అంటే నీళ్లలోపల పేలే బాంబులకి, మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. లోపలి పేలుడు వల్లనో ప్రమాదం వల్లనో మునిగిందని పాకిస్తాన్ వాళ్లు చెబుతారు. "ఇద్దరూ రాస్తే మనం ఏది చదవాలి?" అన్నావు. రెండూ చదవాలమ్మా. రెండు మాటలూ ముందు పెట్టి, తనకి ఏది నిజమనిపించిందో, ఎందుకనిపించిందో చెప్పే రచయితని పట్టుకో. ఒకే మాట గట్టిగా అరిచేవాడు ఏ పక్షం వాడైనా సరే, వద్దు. ఫోన్లో వచ్చే చరిత్ర ముక్కలు అసలే వద్దు. వాటికి వెనక పేజీలే ఉండవు.

ఇప్పుడు పేర్లు. స్వాతంత్ర్య పోరాటానికి బిపన్ చంద్ర, ఆయన సహచరులు కలిసి రాసిన 'ఇండియాస్ స్ట్రగుల్ ఫర్ ఇండిపెండెన్స్', 1988లో వచ్చింది. 1947 తర్వాత సంగతులకి రామచంద్ర గుహ 2007లో తెచ్చిన 'ఇండియా ఆఫ్టర్ గాంధీ'. చాలా పుస్తకాలు ముగిసే చోట అది మొదలవుతుంది. ఐదు వందలకి పైగా సంస్థానాలు దేశంలో ఎలా కలిశాయో తెలియాలంటే వి.పి. మీనన్ 1956లో తెచ్చిన 'ది స్టోరీ ఆఫ్ ది ఇంటిగ్రేషన్ ఆఫ్ ది ఇండియన్ స్టేట్స్' చదువు. పటేల్ దగ్గర ఆ పనంతా నడిపిన అధికారి ఆయనే కాబట్టి లోపలి సంగతులు తెలుస్తాయి, అలాగే తన పని గురించి తానే రాసుకున్నాడని కూడా గుర్తుంచుకుని చదవాలి. నెహ్రూ అహ్మద్‌నగర్ కోటలో ఖైదీగా రాసిన 'డిస్కవరీ ఆఫ్ ఇండియా' చివర్లో పెట్టుకో. అందులో కోటలో రాసుకున్న సొంత ఆలోచనలు కూడా చాలా ఉన్నాయి, మిగతావి చదివాక అయితే బాగా తెలుస్తాయి. అన్నిటికంటే ముందు ఊర్వశీ బుటాలియా రాసిన 'ది అదర్ సైడ్ ఆఫ్ సైలెన్స్' చదవమంటాను. విభజన చూసినవాళ్ల దగ్గరికి వెళ్లి, కూర్చుని, ఒక్కొక్కరినీ అడిగి 1998లో వేసిన పుస్తకం. అది చదివినప్పుడు తాతయ్య అన్న మాట గుర్తొచ్చింది.

ఒక చరిత్ర, ఒక ఫాంటసీ మార్చి మార్చి చదువు. అనువాదం కొనేముందు ఏదో ఒక పేజీ పైకి చదివి చూడు, నోరు తిరగకపోతే తీసుకోకు. అక్షరాలు చిన్నగా ఉన్న చౌక ప్రతులు వద్దు. కళ్లజోడు పవర్ చూపించుకుని ఏడాది దాటి ఉంటుంది, ఈ నెలలో చూపించుకో. పడుకుని చదవకు. ఫోన్ వెలుతురులో అసలే చదవకు. కొత్త రూంలో కిటికీ ఎటు ఉందో, బల్ల ఉందో లేదో. బల్ల లేకపోతే చెప్పు, డబ్బులు వేస్తాను.

అడగనన్నాను గానీ, ఇంకొక్క మాట. శ్రీను నోట కెనడా అన్న పేరు కూడా వచ్చింది. ఆ తర్వాత వాడే నాలిక కరుచుకుని మాట మార్చాడు. అమ్మ వంటింట్లో ఉంది, విన్నదో లేదో తెలియదు. మనిషి ఊరు మారేటప్పుడే పుస్తకాలు పంచుతాడు. ఉన్నవి ఇచ్చేసి కొత్తవి అడిగావంటే, మనసులో ఏదో నడుస్తోందనే నాకు అనిపిస్తోంది. వెళ్లాలని ఉంటే వెళ్లు. నేనూ అమ్మా అడ్డం పడం. లేదూ ఉద్యోగంలో ఏదైనా ఇబ్బంది, ఇంకేదైనా బాధ ఉంటే, అదైనా చెప్పు. శ్రీను చెబితే వినే పరిస్థితి మాత్రం మాకు వద్దు. పెద్దమ్మలు అన్నయ్య సంగతి బయటివాళ్ల ద్వారా తెలిసి మీ మేనత్త ఎంత కుంగిపోయిందో నువ్వు చూశావు.

ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి రోజూ వెళ్తూనే ఉన్నాను. నీకోసం ఎర్త్‌సీ, బుటాలియా, రెండు చందమామ సీరియళ్లు కొని ఉంచాను. తడవకుండా పాలిథిన్ కవరు చుట్టి, పైన గోనెగుడ్డ వేసి కుట్టించాను. శ్రీను విమానంలో వెళ్తున్నాడు, బరువు ఎక్కువవుతుందన్నాడు. అందుకని కొరియర్ చేస్తాను. మధ్యలో మాడుగుల హల్వా డబ్బా పెట్టాను, పార్సెల్ అందిన రోజే తీసి డబ్బా మార్చుకో, నెయ్యి పుస్తకాలకి అంటుకుంటుంది. అడ్రస్ రాసే చోటు మాత్రం ఖాళీగా ఉంచాను, నా దగ్గర పాత రూందే ఉంది. కొత్తది ఫోన్ చేసి చెప్పు, మెసేజ్ వద్దు. రాత్రి తొమ్మిది దాటాక చేస్తే అమ్మ కూడా ఖాళీగా ఉంటుంది. పిన్‌కోడ్ చూసుకుని చెప్పు, పోయినసారి ఒక అంకె తప్పై పార్సెల్ వెనక్కి వచ్చేసింది.

నాన్న